మేవెన్ ఇన్‌స్టాల్ చేసుకోవడం: విండోస్, మ్యాక్, లినక్స్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఒక మాట. ఇక్కడ కమాండ్లన్నీ ఫోన్లో చెబుతున్నట్టు తెలుగులోనే రాశాను. ఎంవీఎన్ అంటే ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలు, చిన్నవి కొట్టాలి. హైఫన్, చుక్క, అండర్‌స్కోర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ అవే. నిజానికి ఈ ప్రశ్నల్లో సగం నాకు ఫోన్లో వచ్చినవే. మా పెద్దమ్మ కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నప్పుడు రాత్రి పదకొండింటికి హాస్టల్ నుంచి చేసేవాడు: "అన్నా, నువ్వు చెప్పినట్టే చేశా, ఎంవీఎన్ రావట్లేదు." వాడి తర్వాత వాడి రూమ్మేట్లు, ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు. మనుషులు మారుతున్నారు గానీ ఎర్రర్లు మాత్రం అవే.

అసలు మేవెన్ నాకెందుకు?

జావా ప్రాజెక్టును కంపైల్ చేసి, టెస్టులు నడిపి, జార్ ఫైలుగా కట్టి చేతిలో పెట్టే పనిముట్టు ఇది. ప్రాజెక్టుకు ఏయే లైబ్రరీలు కావాలో పామ్.ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో రాసి పెడితే, మేవెన్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ గోదాము నుంచి తనే తెచ్చుకుంటుంది. అపాచీ ఫౌండేషన్‌ది, పూర్తిగా ఉచితం. 1.0 వెర్షన్ 2004లో వచ్చింది, 3.0 వచ్చింది 2010లో. ల్యాబ్‌లో ఒక్క ఫైలు ప్రోగ్రామ్ రాసేటప్పుడు జావాసీ కంపైలర్ చాలు, కానీ స్ప్రింగ్ బూట్ దాకా వచ్చారంటే ఇదైనా ఉండాలి, ఇలాంటిదే ఇంకో పనిముట్టు గ్రేడిల్ అయినా ఉండాలి.

"ఎంవీఎన్ ఇన్‌స్టాల్" కొడితే మేవెన్ ఇన్‌స్టాల్ అయిపోతుందా?

కాదు. నవ్వకండి, ఇది నిజంగా చాలామంది అడిగేదే, పేరు అలా ఉంది మరి. ఆ కమాండ్ మీ ప్రాజెక్టును కట్టి, తయారైన జార్‌ను మీ కంప్యూటర్‌లోని .ఎం2 ఫోల్డర్‌లో పెడుతుంది, అంతే. పామ్.ఎక్స్ఎంఎల్ లేని ఫోల్డర్‌లో నిలబడి అది కొడితే "దేర్ ఈజ్ నో పామ్ ఇన్ దిస్ డైరెక్టరీ" అని వస్తుంది. ఆ ఎర్రర్ వచ్చిందంటే ఒక రకంగా శుభవార్తే, మేవెన్ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది. సీడీ కొట్టి ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్ళండి.

జావా ముందా, మేవెన్ ముందా?

జావా. మేవెన్ స్వయంగా జావాలో రాసినదే, జావా లేకపోతే అది లేవదు. అదీ జేఆర్ఈ (ప్రోగ్రాములు నడపడానికి మాత్రమే పనికొచ్చే జావా) కాదు, జేడీకే (వాటిని తయారుచేసే కిట్) కావాలి, ఎందుకంటే కంపైలర్ ఉండేది జేడీకేలోనే. మేవెన్ 3.9 వరుస నడవడానికి జావా 8 చాలు, మేవెన్ 4కు మాత్రం 17 ఉండాలి. ఏ కంపెనీ జేడీకే అన్నది పెద్ద విషయం కాదు. టెమురిన్, కొరెట్టో, ఒరాకిల్, ఏదైనా పనిచేస్తుంది. నన్నడిగితే 17 గానీ 21 గానీ వేసుకుని ఆ సంగతి మర్చిపోండి.

విండోస్‌లో టెమురిన్ ఇన్‌స్టాలర్ వాడేవాళ్ళకు చిన్న సలహా. మధ్యలో ఒక స్క్రీన్‌లో "సెట్ జావా_హోమ్ వేరియబుల్" అనే ఆప్షన్ ఉంటుంది, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోకుండా అక్కడ ఒక్క క్షణం ఆగి దాన్ని ఆన్ చేశారంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

విండోస్‌లో ఎలా పెట్టుకోవాలి?

మేవెన్‌కు సెటప్ ఫైలు అంటూ ఏమీ లేదు. ఒక జిప్. దాన్ని విప్పి ఒక చోట పెట్టి, అది ఎక్కడుందో విండోస్‌కు చెప్పాలి. అంతే పని.

డౌన్‌లోడ్ పేజీలో రెండు జిప్‌లు ఉంటాయి, బైనరీ ఒకటి, సోర్స్ ఒకటి. బైనరీది తీసుకోండి. సోర్స్‌ది తీసుకుని ఎంవీఎన్ ఫైలు ఎక్కడా అని గంటసేపు వెతికినవాళ్ళు ఉన్నారు. దాన్ని సి డ్రైవ్‌లో టూల్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో విప్పండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కూడా పెట్టొచ్చు గానీ, అక్కడ ప్రతిదానికీ అడ్మిన్ పర్మిషన్ అడుగుతుంది, పైగా ఆ పేరు మధ్యలో ఖాళీ ఉండటం వల్ల కొన్ని పాత స్క్రిప్టులు తికమకపడతాయి. డెస్క్‌టాప్ మీద మాత్రం పెట్టకండి, వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే అదంతా క్లౌడ్‌కు ఎక్కించే పనిలో పడుతుంది.

తర్వాత స్టార్ట్ మెనూలో "ఎన్విరాన్‌మెంట్" అని టైప్ చేస్తే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీకి దారి కనిపిస్తుంది. అక్కడ రెండు పనులు. జావా_హోమ్ అనే వేరియబుల్‌కు జేడీకే ఫోల్డర్ అడ్రస్ ఇవ్వాలి. పాత్ అనే వేరియబుల్‌ను (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా ఇది) ఎడిట్ చేసి, న్యూ నొక్కి, మేవెన్ ఫోల్డర్ లోపలున్న బిన్ ఫోల్డర్ అడ్రస్ చేర్చాలి. ఓకే, ఓకే, ఓకే. మూడు కిటికీల్లోనూ ఓకే నొక్కాలి, ఒక్కదాన్ని క్రాస్ కొట్టి మూసినా మార్పు సేవ్ కాకపోవచ్చు. ఇప్పుడు కొత్త కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎంవీఎన్ -వి కొట్టండి. మేవెన్ వెర్షన్, కిందనే జావా వెర్షన్, ఆ జావా ఏ ఫోల్డర్‌లో ఉందో, అన్నీ చూపిస్తుంది.

"ఎంవీఎన్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ యాజ్ యాన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్" అంటోంది. అన్నీ చేశాను!

చేసే ఉంటారు, నమ్ముతాను. అయినా మొదట ఆ నల్ల కిటికీ మూసి కొత్తది తెరవండి. పాత్ మార్చకముందు తెరిచిన కిటికీకి కొత్త పాత్ తెలియదు. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ అయితే ట్యాబ్ మూసి తెరిస్తే చాలదు, వీఎస్ కోడ్‌నే పూర్తిగా మూసి మళ్ళీ తెరవాలి, ఎందుకంటే ఆ టెర్మినల్‌కు పాత్ వచ్చేది వీఎస్ కోడ్ నుంచే.

అప్పటికీ రాకపోతే ఫోల్డర్ లోపల ఫోల్డర్ సంగతి చూడండి. మా తమ్ముడి గొడవ సరిగ్గా ఇదే. విండోస్‌లో జిప్ మీద రైట్ క్లిక్ చేసి "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" అంటే జిప్ పేరుతో ఒక ఫోల్డర్ పుడుతుంది, దాని లోపల అసలు మేవెన్ ఫోల్డర్ ఉంటుంది. రెండింటి పేర్లూ దాదాపు ఒకటే, చివర "-బిన్" ఒక్కటే తేడా. వాడు బయట ఫోల్డర్ అడ్రస్‌కు బిన్ తగిలించి పాత్‌లో పెట్టాడు, అలాంటి చోటే లేదు. ఫోన్లో "ఫోల్డర్ తెరువు, ఏం కనిపిస్తోందో చదువు" అంటే "అపాచీ మేవెన్ అని ఇంకో ఫోల్డర్ ఉందన్నా" అన్నాడు. ఇరవై నిమిషాల మాటల్లో పనికొచ్చింది ఆ ఒక్క వాక్యమే. అందుకే పాత్‌లోకి అడ్రస్ చేత్తో టైప్ చేయకండి. ఎక్స్‌ప్లోరర్‌లో ఎంవీఎన్.సీఎండీ ఫైలు కంటికి కనిపించే దాకా లోపలికి వెళ్ళి, పైనున్న అడ్రస్ బార్‌లోది కాపీ చేసుకోండి.

జావా_హోమ్ "నాట్ డిఫైన్డ్ కరెక్ట్లీ" అట. సరిగ్గానే ఇచ్చానే?

ఇక్కడ జరిగే తప్పులు నాలుగైదు ఉన్నాయి. పాత్‌కు బిన్ ఉండాలి, జావా_హోమ్‌కు బిన్ ఉండకూడదు. అందరూ అలవాటుగా రెండిటికీ పెట్టేస్తారు. లేదా జేడీకే అప్‌డేట్ అయ్యి పాత ఫోల్డర్ పోయి ఉంటుంది, వేరియబుల్ ఇంకా పాత అడ్రస్సే పట్టుకుని ఉంటుంది. లేదా అడ్రస్ చుట్టూ కొటేషన్ మార్కులు పెట్టి ఉంటారు.

నా మొదటి ఉద్యోగంలో రెండో రోజు మొత్తం దీనికే పోయింది. అడ్రస్ కరెక్ట్, ఫోల్డర్ ఉంది, జేడీకే ఉంది. సాయంత్రం పక్క సీటు సీనియర్ కుర్చీ జరుపుకుని వచ్చి, వేరియబుల్ బాక్సులో కర్సర్‌ను చివరికి తీసుకెళ్ళి మ్యాజిక్ చూపించినట్టు చూపించారు: అక్కడో సెమీకోలన్. పాత్‌లో పెట్టే అలవాటు కొద్దీ ఇక్కడా పెట్టేశాను. అది కూడా అడ్రస్‌లో భాగమే అనుకుని మేవెన్ ఆ పేరు గల ఫోల్డర్ కోసం వెతుకుతోంది. కాబట్టి బాక్సు చివరి దాకా చూడండి, ఖాళీ స్పేస్ ఉన్నా అంతే.

జావా -వెర్షన్ కొడితే 17, ఎంవీఎన్ -వి కొడితే 8 చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. మీ మిషన్‌లో రెండు జావాలున్నాయి. మేవెన్ ముందుగా చూసేది జావా_హోమ్‌ను. అది లేకపోతేనే పాత్‌లో దొరికిన జావాతో సర్దుకుంటుంది. మీరు నేరుగా జావా అని కొట్టినప్పుడు మాత్రం పాత్‌లో ఎవరు ముందుంటే వాళ్ళు పలుకుతారు. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ తన జావాపాత్ ఫోల్డర్‌ను తీసుకెళ్ళి పాత్‌లో అందరికంటే ముందు కూర్చోబెడుతుంది. దాంతో ఈ వింత తరచుగా కనిపిస్తుంది. విండోస్‌లో వేర్ జావా, వేర్ ఎంవీఎన్ అని కొట్టి చూడండి, ఎన్ని ఉన్నాయో వరుసగా బయటపడతాయి. మ్యాక్, లినక్స్‌లో విచ్ -ఏ.

ఇంకో చిక్కు. విండోస్‌లో సిస్టమ్ పాత్ ముందు, యూజర్ పాత్ తర్వాత. మీరు కొత్త మేవెన్‌ను యూజర్ పాత్‌లో ఎంత పైన పెట్టినా, సిస్టమ్ పాత్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన పాత మేవెన్ ఉంటే అదే గెలుస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ.

"ఇన్‌వాలిడ్ టార్గెట్ రిలీజ్: 17" అంటే?

పైన చెప్పిందానికి కొనసాగింపే. పామ్.ఎక్స్ఎంఎల్ 17 కావాలంటోంది, మేవెన్ చేతిలో అంతకంటే పాత జావా ఉంది. పామ్‌లో అంకె తగ్గించి దొంగదారి పట్టకండి. ఎంవీఎన్ -విలో కనిపించే జావా సంగతి చూసి జావా_హోమ్ సరిచేయండి.

"నో కంపైలర్ ఈజ్ ప్రొవైడెడ్" అని వస్తే మీ దగ్గరున్నది జేఆర్ఈ, జేడీకే వేయండి.

సెట్ఎక్స్ కమాండ్‌తో పాత్ పెడదామనుకున్నా, ఇప్పుడు వేరేవి కూడా పనిచేయట్లేదు.

అయ్యో. సెట్ఎక్స్ 1024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది. మీ పాత్ అంతకంటే పొడుగుంటే తోక తెగిపోయినట్టే. మీరు కమాండ్ కొట్టిన ఆ కిటికీ ఇంకా మూయకపోతే అదృష్టవంతులు, దాంట్లో పాత పాత్ ఇంకా ఉంటుంది. ఎకో %పాత్% కొట్టి నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకుని, కిటికీల దారిలో వెళ్ళి తిరిగి పెట్టండి. జావా_హోమ్‌కు సెట్ఎక్స్ వాడితే ఫర్వాలేదు, పాత్ జోలికి మాత్రం దాంతో వెళ్ళకండి.

ఇంత తిప్పలు లేకుండా ఒక్క కమాండ్‌తో అవదా?

అవుతుంది. విండోస్‌లో చాక్లెటీ గానీ స్కూప్ గానీ (కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ వేసే పనిముట్లు) ఉంటే చోకో ఇన్‌స్టాల్ మేవెన్, లేదా స్కూప్ ఇన్‌స్టాల్ మేవెన్. అడ్మిన్ హక్కులు లేని మిషన్ అయితే స్కూప్ మేలు, అన్నీ మీ యూజర్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది. అయినా మొదటిసారి చేత్తో పెట్టుకోమనే నా సలహా. పాత్ అంటే ఏంటో ఒకసారి చేతికి తెలిస్తే, రేపు నోడ్ అయినా పైథాన్ అయినా ఇదే గొడవ, ఇదే మందు.

మ్యాక్‌లో?

హోమ్‌బ్రూ ఉంటే బ్రూ ఇన్‌స్టాల్ మేవెన్, అయిపోయింది. ఒక్కటి గుర్తుంచుకోండి: బ్రూ తనతోపాటు ఓపెన్‌జేడీకేను కూడా తెస్తుంది, జావా_హోమ్ మీరు పెట్టకపోతే మేవెన్ దాన్నే వాడుతుంది. అది సాధారణంగా కొత్త వెర్షన్. మీ ప్రాజెక్టుకు 17 కావాలంటే అది విడిగా వేసుకుని, .జెడ్ఎస్‌హెచ్ఆర్‌సీ ఫైలులో జావా_హోమ్ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫోల్డర్ అడ్రస్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మ్యాక్‌లో యూఎస్ఆర్ కింద లిబ్‌ఎగ్జెక్‌లో జావా_హోమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, దానికి -వి 17 ఇస్తే అడ్రస్ అదే చెబుతుంది.

పాత నోట్సుల్లో .బ్యాష్_ప్రొఫైల్‌లో పెట్టమని ఉంటుంది. 2019లో కాటలీనా వచ్చినప్పటి నుంచి మ్యాక్‌లో మామూలుగా ఉండేది జెడ్‌షెల్, అది ఆ ఫైలును చదవదు. "పెట్టాను, టెర్మినల్ మూసి తెరిస్తే పోతోంది" అనేవాళ్ళందరి కథా ఇదే. ఇంకొకటి, ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌లలో బ్రూ ఉండే చోటు ఆప్ట్ కింద హోమ్‌బ్రూ ఫోల్డర్. ఇంటెల్ మ్యాక్‌లలో యూఎస్ఆర్ కింద లోకల్. స్నేహితుడి ఫైలు యథాతథంగా కాపీ కొట్టేముందు ఎవరిది ఏ మ్యాకో చూసుకోండి.

ఉబుంటులో ఏపీటీతో వేస్తే పాత వెర్షన్ వచ్చింది, ఎందుకు?

ఉబుంటు వాళ్ళు ఒక వెర్షన్ విడుదల చేసేటప్పుడు అప్పటికి సర్దిపెట్టిన మేవెన్‌నే అందులో ఉంచుతారు. 22.04లో సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ మేవెన్ కొడితే 3.6.3 వస్తుంది, 24.04లో 3.8.7. కాలేజీ ప్రాజెక్టుకు ఇది చాలు. జావా అసలు లేని మిషన్‌లో అయితే ఏపీటీ మేవెన్‌తోపాటు జేఆర్ఈ మాత్రమే తెచ్చి ఊరుకోవచ్చు, కాబట్టి డిఫాల్ట్-జేడీకే ప్యాకేజీ కూడా వేసేయండి. ఫెడోరాలో డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ మేవెన్.

కొత్తదే కావాలంటే ఎస్‌డీకేమ్యాన్ అనే పనిముట్టు వాడండి, నేను లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ అదే వాడతాను. ఎస్‌డీకే ఇన్‌స్టాల్ మేవెన్ అంటే తాజాది వస్తుంది, జావా వెర్షన్లు కూడా అందులోనే మార్చుకోవచ్చు, సుడో అక్కర్లేదు.

సుడో అంటే గుర్తొచ్చింది. బిల్డ్ చేసేటప్పుడు పర్మిషన్ ఎర్రర్ వచ్చిందని సుడో ఎంవీఎన్ కొట్టకండి. ఒకసారి కొడితే టార్గెట్ ఫోల్డర్‌లో రూట్ పేరున ఫైళ్ళు పుడతాయి, రేపు మీ పేరుతో మామూలుగా బిల్డ్ చేస్తే వాటిని చెరపలేక ఆగిపోతుంది, మళ్ళీ సుడో కొడతారు, అలా అదే అలవాటవుతుంది. చోన్ (సీహెచ్ఓడబ్ల్యూఎన్) కొట్టి ఆ ఫోల్డర్‌ను మీ పేరున రాయించుకుంటే సరిపోతుంది.

విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) వాడుతున్నా. విండోస్‌లో వేసిన మేవెన్ అందులో పనికొస్తుందా?

దాన్ని వేరే కంప్యూటర్ అనుకోండి. అందులో జావా, మేవెన్ విడిగా వేసుకోండి. ప్రాజెక్టును కూడా లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టండి, సి డ్రైవ్‌లో ఉంచి అటునుంచి బిల్డ్ చేస్తే నత్తనడకే.

ఇంటెల్లిజే, ఎక్లిప్స్‌లో మేవెన్ ఉంటుందట కదా? మళ్ళీ ఎందుకు?

ఉంటుంది. బటన్ నొక్కి పని చేసుకునేంతవరకు అదే చాలు. టెర్మినల్‌లో కమాండ్ కొట్టాలంటేనే విడిగా కావాలి. "ఎడిటర్‌లో నడుస్తోంది, టెర్మినల్‌లో ఫెయిల్ అవుతోంది" అంటే రెండు చోట్లా వేర్వేరు మేవెన్, వేర్వేరు జావా ఉన్నాయని అర్థం. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రెండూ ఒకటే చేయండి.

ప్రాజెక్టులో ఎంవీఎన్‌డబ్ల్యూ అని ఒక ఫైలు ఉంది. అదేంటి?

మేవెన్ ర్యాపర్. ఇది ఉంటే మీరు మేవెన్ ఇన్‌స్టాల్ చేయనే అక్కర్లేదు, పైన రాసిందంతా చదివించి ఇప్పుడు చెబుతున్నందుకు తిట్టుకోకండి. ఎంవీఎన్ అనే చోట లినక్స్, మ్యాక్‌లో ./ఎంవీఎన్‌డబ్ల్యూ అని, విండోస్‌లో ఎంవీఎన్‌డబ్ల్యూ.సీఎండీ అని కొడితే, ఆ ప్రాజెక్టుకు ఏ మేవెన్ వెర్షన్ కావాలో అదే తెచ్చుకుని నడుపుతుంది. స్ప్రింగ్ ఇనిషియలైజర్‌లో తీసుకున్న మేవెన్ ప్రాజెక్టుల్లో ఇది ముందే ఉంటుంది. లేనిచోట ఎంవీఎన్ ర్యాపర్:ర్యాపర్ కొడితే వస్తుంది. జావా మాత్రం మీరే వేసుకోవాలి, అది తేదు.

లినక్స్‌లో "పర్మిషన్ డినైడ్" అంటే సీహెచ్‌మోడ్ +ఎక్స్ ఇవ్వండి. "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటే ఆ ఫైలు విండోస్‌లో సేవ్ అయ్యి లైన్ల చివర్లు మారిపోయాయి.

మొదటి బిల్డ్‌కే నా డేటా అంతా తినేస్తోంది, ఆగట్లేదు. ఏదైనా వైరసా?

కాదు కాదు. మేవెన్ ఇంటర్నెట్ మొత్తం డౌన్‌లోడ్ చేస్తుందని పాత జోకు ఒకటుంది. కంపైల్ చేసే ప్లగిన్, టెస్టులు నడిపే ప్లగిన్, వాటి లైబ్రరీలు, ఆ లైబ్రరీల లైబ్రరీలు, అన్నీ మొదటిసారి రావాల్సిందే. రెండోసారికి .ఎం2లో ఉంటాయి, తొందరగా అవుతుంది. హాస్టల్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద కాకుండా వైఫై ఉన్నచోట ఒకసారి ఎంవీఎన్ డిపెండెన్సీ:గో-ఆఫ్‌లైన్ కొట్టుకుని, ఆ తర్వాత -ఓ ఇచ్చి నెట్ లేకుండా పనిచేసుకోవచ్చు. నెట్ మధ్యలో తెగి ఒక జార్ రాకపోతే, "రాలేదు" అన్న సంగతిని కూడా మేవెన్ రాసిపెట్టుకుంటుంది, నెట్ వచ్చాక కూడా వెంటనే మళ్ళీ ప్రయత్నించదు. అప్పుడు -యూ, పెద్ద అక్షరం, ఇచ్చి కొట్టండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అని వస్తోంది. బ్రౌజర్‌లో అన్ని సైట్లూ తెరుచుకుంటున్నాయి మరి?

చాలా కంపెనీల్లో కంపెనీ ప్రాక్సీ నెట్‌వర్క్ మధ్యలో కూర్చుని తన సొంత సర్టిఫికెట్ తగిలిస్తుంది. ఆ సర్టిఫికెట్ విండోస్‌కు తెలుసు, బ్రౌజర్‌కు తెలుసు, జావాకు తెలియదు, ఎందుకంటే జావాకు తన సొంత నమ్మకస్తుల జాబితా ఉంది, దాని పేరు సీఏసర్ట్స్. జావాతో వచ్చే కీటూల్‌తో కంపెనీ సర్టిఫికెట్‌ను అందులో చేర్చాలి. లేదా విండోస్‌లో అయితే మేవెన్_ఆప్ట్స్ వేరియబుల్ ద్వారా ట్రస్ట్‌స్టోర్ టైప్ "విండోస్-రూట్" అని ఇస్తే విండోస్ జాబితానే వాడుకుంటుంది. సర్టిఫికెట్ చెకింగే ఆపేసే చిట్కాలు కూడా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ప్రాక్సీ ఉంటే .ఎం2 లోని సెట్టింగ్స్.ఎక్స్ఎంఎల్‌లో రాయాలి. ఆ ఫైలు మీ టీమ్‌లో ఎవరి దగ్గరో తప్పకుండా ఉంటుంది, అడిగి తీసుకోండి. అందులో వాళ్ళ పాస్‌వర్డ్ ఉంటే తీసేసి పంపమనండి.

పాత ప్రాజెక్టులో "501 హెచ్‌టీటీపీఎస్ రిక్వైర్డ్" వస్తే అది వేరే కథ. 2020 జనవరి 15 నుంచి మేవెన్ సెంట్రల్ మామూలు హెచ్‌టీటీపీని తీసుకోవడం మానేసింది. మేవెన్ 3.8.1 నుంచి బయటి హెచ్‌టీటీపీ రిపాజిటరీలను తనే అడ్డుకుంటుంది కూడా. పామ్‌లో అడ్రస్‌కు ఒక ఎస్ చేర్చండి.

ఎం2_హోమ్, మేవెన్_హోమ్ కూడా పెట్టాలా?

అక్కర్లేదు. ఎం2_హోమ్‌ను 3.5.0 నుంచి మేవెన్ పట్టించుకోవడమే లేదు. అయినా జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన కోచింగ్ నోట్సుల్లో ఇంకా అదే మొదటి స్టెప్పుగా ఉంది.

.ఎం2 ఫోల్డర్ చాలా పెద్దదైపోయింది. డిలీట్ చేయొచ్చా?

దానిలోని రిపాజిటరీ ఫోల్డర్‌ను చేయొచ్చు, కావలసినవి మళ్ళీ తెచ్చుకుంటుంది. కాకపోతే మీరు ఎంవీఎన్ ఇన్‌స్టాల్‌తో పెట్టుకున్న మీ సొంత జార్లు, చేత్తో చేర్చినవి కూడా పోతాయి, అవి సెంట్రల్‌లో దొరకవు. సెట్టింగ్స్.ఎక్స్ఎంఎల్ ఆ పక్కనే ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. సి డ్రైవ్ నిండిపోతోందనే బాధైతే సెట్టింగ్స్‌లో లోకల్‌రిపాజిటరీ అని రాసి డి డ్రైవ్‌కు మార్చుకోండి.

కొత్త వెర్షన్‌కు మారాలంటే, లేదా తీసేయాలంటే?

బ్రూ, స్కూప్, ఎస్‌డీకేమ్యాన్‌తో వేసుకుంటే వాటితోనే. జిప్ అయితే కొత్త ఫోల్డర్ విప్పి పాత్‌లో అడ్రస్ మార్చండి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే పాతది చెరపండి. పూర్తిగా తీసేయాలంటే ఫోల్డర్ డిలీట్, పాత్‌లో ఆ లైన్ డిలీట్. కంట్రోల్ ప్యానెల్‌లో వెతక్కండి, అక్కడ ఉండదు.